దొరకు చెప్పిన మందు

"మూడు దినాలుగా దొరసాని నోరు తెరవలేదు. దొర నా వంటింట్లోకే వచ్చి, దీన్ని మీవాళ్లు ఏమంటారు వీరాసామీ అని అడిగినాడు. అలక అంటాం దొరా అన్నాను."

పుదుచ్చేరిలో ఫ్రెంచి దొర ఇంటి వంటవాడంటే మాటలా! మణియమ్మ నవ్వుతూ మొగుడి పళ్లెంలో ఇంకో చేపముక్క వేసింది. "మందేం చెప్పినావు?"

"పోయి బతిమాలండి అన్నాను. బతిమాలతాడని నమ్మకముంటేనే ఆడది అలుగుతుంది. ఆ నమ్మకం పోతే నవ్వుతా అన్నం పెడుతుంది, అంతే అన్నాను. దొర మేడమెట్లు రెండేసి ఎక్కినాడు!"

"బాగా చెప్పినావు. ఇంకొంచెం పులుసు పొయ్యనా?"

వీరాసామి చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. పోయిన వారం విల్లియనూరు గుడి తేరు ఉత్సవానికి మణియమ్మను తీసుకుపోతానని మాటిచ్చి, తీరా స్నేహితులతో పోయి వచ్చాడు. ఆ రోజూ ఆమె ఇలాగే నవ్వుతూ వడ్డించింది.

"ఏమే, నువ్వు అలిగి ఎన్నాళ్లయింది?"

"నాకేంటికి అలక? నేనేమన్నా చిన్నపిల్లనా? తిను."

అతను చెయ్యి కడిగేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏంది, లేసినావు?"

"నేను అలిగినాను. తేరునాడు నువ్వు నన్ను ఒక్క మాటన్నా తిట్టలేదు."

మణియమ్మ చేతిలోని గరిటె ఠంగుమని గిన్నెలో పడింది. ఆమె వచ్చి, అతని వీపుకు వీపు ఆనించి, మూతి ముడుచుకుని ఎదుటి గోడవైపు కూర్చుంది.

"మణీ..."

జవాబు లేదు.

వీరాసామికి ప్రాణం లేచొచ్చింది. బతిమాలడం మొదలుపెట్టాడు.