పొగ రాని పూట

పొగ పసిగట్టి ఇళ్ళే ఫైర్ స్టేషన్‌కు కబురుపెట్టే రోజులొచ్చాక, ఆఫీసర్ గురునాయుడికి మంటలార్పే పని తగ్గి రిపోర్టులు చెప్పే పని పెరిగింది. స్థలం, కారణం చెప్పందే ఆ మాటలాడే ఫైరింజన్ వెనక్కి కూడా కదలదు.

అప్పయ్యమ్మ మనవరాలికి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తే చాలు, ఆ ఇల్లు గోలపెట్టేది. ఇంజన్ రోజూ అతన్ని అక్కడికి లాక్కెళ్ళేది.

"మళ్ళీ వచ్చీసినారా బాబూ? టీ తాగీసి ఎల్లండి," అనేదావిడ.

అతను టీ తాగి, "స్థలం అదే, కారణం అదే," అని ఇంజన్ మీద విసుక్కునేవాడు.

ఒకరోజు పొద్దెక్కినా ఆ ఇంటినుంచి కబురు లేదు. గురునాయుడు కాసేపు కాలుగాలిన పిల్లిలా తిరిగి, తనే ఇంజనెక్కాడు.

"స్థలం?" అడిగింది ఇంజన్.

"అప్పయ్యమ్మ గారిల్లు."

"కారణం?"

"పొగ రాలేదు. బేగి పద!"