డాక్టరు గారి ఏకాగ్రత

"పేషెంటు కుర్చీలో ఉన్నంతసేపూ మీరు నోరు విప్పకూడదు సిస్టర్. విప్పారో, రేపటి నుంచి ఇంకో ఆస్పత్రి చూసుకోండి," అన్నాడు పళ్ల డాక్టరు.

పొద్దస్తమానం జనాన్ని నోరు తెరవమని బతిమాలే మనిషి ఆ మాట అనేసరికి నర్సుకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆ నవ్వును మింగేసింది. కుర్చీలో బిక్కచచ్చి కూర్చున్నవాళ్లకు ఏదో ఒక కబురు చెప్పి, వాళ్ల ధ్యాసను పంటి మీంచి మళ్లించడమే ఇన్నాళ్లూ ఆమె చేస్తున్న పని. ఆ కబుర్ల కోసం, నోట్లో ఒక్క పన్నూ లేకపోయినా నెలకోసారి వచ్చి కూర్చునే పెద్దాయన కూడా ఒకరున్నారు.

డాక్టరు మాత్రం నిన్ననే ఏకాగ్రత మీద రెండు రోజుల శిక్షణ ముగించుకొని వచ్చాడు. వస్తూనే ముందుగదిలో టీవీ తీయించాడు, చేపల తొట్టిని ఇంటికి పంపించాడు, కిటికీ అద్దాలకు తెల్ల కాగితాలు అంటించాడు. మనసు పని మీదే ఉందో లేదో చూసుకోవడానికి పది నిమిషాలకోసారి ఫోనులో గంట మోగేలా పెట్టుకున్నాడు. అది మోగినప్పుడల్లా చేస్తున్న పని ఆపి, కళ్లు మూసుకొని, మనసు పని మీదే ఉందని తేల్చుకొని, ఇంతకీ ఎక్కడ ఆపాడో వెతుక్కుంటున్నాడు.

ఆ నిశ్శబ్దంలో పళ్లెంలో పట్టకారు కదిలినా గుండె జారిపోతోంది. మొదటి పేషెంటు బాత్రూముకని వెళ్లి అటునుంచి అటే ఉడాయించాడు. రెండో ఆవిడకు కుర్చీలో కూర్చోగానే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందట.

మూడో ఆయన బడిలో వ్యాయామం మాస్టారు. ఆయన ఈల ఊదితే ఐదొందల మంది పిల్లలు కొయ్యబారిపోతారని పేరు. కింది దవడలో ఊగులాడుతున్న దంతం ఒకటి వారం రోజులుగా ఆయనకు తిండీ నిద్రా లేకుండా చేస్తోంది. కుర్చీలో ధైర్యంగానే నోరు తెరిచాడు గానీ, సిరంజి కళ్లపడగానే టక్కున మూసేశాడు. డాక్టరు వేలు లోపలే ఉండిపోయింది.

వేలు బయటికొచ్చాక డాక్టరు దాన్ని నీళ్ల కింద పెట్టుకొని కాసేపు గది నాలుగు మూలలూ చూశాడు. మాస్టారు అప్పటికే ఒక కాలు కిందికి దించాడు. ఈయన కూడా లేచి వెళ్లిపోతే ఇవాళ్టికి బోణీ లేనట్టే.

"సిస్టర్, ఏదో ఒకటి చెప్పండి," అన్నాడు డాక్టరు.

నర్సు పెదవులు బిగించుకొని అడ్డంగా తలూపింది. ఉద్యోగం ఊడితే ఇంట్లో పిల్లల ముఖాలు ఎలా చూడాలో ఆమెకు తెలియదు.

"ఈ ఒక్కసారికే. నా పని చెడగొట్టారో, పొద్దున అన్న మాట అన్న మాటే."

ఆమె గుండె చిక్కబట్టుకొని మొదలుపెట్టింది. "మా బిల్డింగులో గుమ్మాల ముందు చెప్పులు పోతున్నాయి సార్. జతలకు జతలు పోతే దొంగలనుకుంటాం. ఎడమకాలివే పోతున్నాయి."

మాస్టారు దించిన కాలు మళ్లీ పైకి పెట్టాడు.

పోయిన చెప్పు మర్నాటికల్లా మెట్ల మీద ప్రత్యక్షమవుతుందనీ, దాని బదులు ఇంకో ఇంటి చెప్పు మాయమవుతుందనీ ఆమె చెప్పుకొచ్చింది. పై అంతస్తు లెక్చరరు గారు కింది అంతస్తు వాళ్లతో మాటలు మానేశాడట. ఒకావిడ చెప్పులకు గొలుసేసి తాళం పెట్టిందట. చివరికి నర్సు భర్త ఆఫీసుకు సెలవు పెట్టి మరీ, మిట్టమధ్యాహ్నం మెట్ల వెనకాల నక్కి కూర్చున్నాడట.

డాక్టరు ఫోనులో గంట మోగింది. ఆయన దాన్ని చూడకుండానే మోచేత్తో నొక్కేసి, "ఊఁ, తర్వాత?" అన్నాడు. మాస్టారు కూడా నోరు బార్లా తెరుచుకునే ఊఁ కొట్టాడు.

"అడుగుల చప్పుడైందట సార్. మెల్లగా ఒక చెయ్యి వచ్చి చెప్పు మీద పడింది. మా ఆయన ఒక్క దూకు దూకి ఆ చెయ్యి పట్టేసుకున్నాడు."

"ఎవరది?" అన్నాడు డాక్టరు, పట్టకారు బిగిస్తూ.

"మా అత్తగారు సార్."

దంతం పుటుక్కున ఊడొచ్చింది.

పెద్దావిడకు ఎడమ చెప్పు తెగిపోయిందట. కుడిది కొత్తదానిలా ఉందని పారేయడానికి మనసొప్పక, దానికి జత కుదిరేదాని కోసం ఇల్లిల్లూ గాలిస్తోందట. అది విని డాక్టరు కడుపు పట్టుకొని నవ్వాడు. మాస్టారు పుక్కిలించి ఉమ్మి మరీ నవ్వాడు.

నవ్వు ఆగాక డాక్టరుకు శిక్షణ గుర్తొచ్చింది. ముఖం గంభీరంగా పెట్టాడు.

"చూశారా సిస్టర్, పక్కన మీరంత వాగుతున్నా నా మనసు పంటి మీంచి ఇసుమంతైనా కదల్లేదు. ఏకాగ్రత అంటే అదీ. ఇంక నాకు మీ కబుర్లతో పనిలేదు. రేపటి నుంచి రానక్కర్లేదు."

నర్సు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా అటు తిరిగి పళ్లెం సర్దడం మొదలుపెట్టింది.

మాస్టారు లేచి నిలబడి, దవడ తడిమి చూసుకొని డాక్టరుకు రెండు చేతులూ జోడించాడు. "మీ చేతిలో ఏదో మహత్యం ఉంది డాక్టరు గారూ. నా భయమంతా ఆ ఇంజెక్షనుకే. అదెప్పుడు పొడిచారో కూడా తెలియలేదు."

నర్సు ఇటు తిరిగింది. పళ్లెం తీసుకొచ్చి డాక్టరు ముందు పెట్టింది. సిరంజిలో మత్తుమందు ఒక్క చుక్క కూడా తగ్గలేదు.