కైరోలో తెల్లచీర

లిఫ్టులో ఎవరిదో సూట్‌కేసు చక్రం కాలి వేళ్ళ మీంచి పోయింది.

"అబ్బా!" అంది లిడియా.

"మన పిల్లే!" వెనక నుంచి ఒక గొంతు. "ఏ ఊరమ్మా మీది?"

లిడియా తిరిగి చూసింది. తెల్లచీర. అరవై దాటిన మనిషి. మెడలో యాత్ర బ్యాడ్జీ, దాని మీద పేరు: కోటిరత్నం, సింగరాయకొండ.

కైరోలో ఇన్ని హోటళ్ళుండగా, బెల్లీ డ్యాన్స్ ఫెస్టివల్ జరిగే ఈ హోటల్లోనే దిగింది, పరిశుద్ధ దేశ యాత్రకు వచ్చిన తెలుగు క్రైస్తవుల బృందం.

లిడియా కోటు దగ్గరికి లాక్కుంది. లోపల పూసల రవికె, నడుముకు గలగలలాడే పట్టీ.

"హైదరాబాద్," అని నోటికొచ్చిన అబద్ధం చెప్పింది.

"అక్కడ ఎవరమ్మాయివి? మీ నాన్నగారి పేరేంటి?"

తలుపు తెరుచుకుంది. లిడియా గబుక్కున దిగిపోయింది.

నిజానికి గుంటూరు బ్రాడీపేటలో లిడియా చిన్నపిల్లలకు డ్యాన్స్ నేర్పుతుంది. అంతవరకూ నాన్నకు తెలుసు. చీరాల దగ్గర పాస్టరు ఆయన. క్రిస్మస్‌కు మందిరంలో కూతురు ఆడించే నాటికలు చూసి మురిసిపోతాడు. ఈ డ్యాన్స్ సంగతే తెలియదు. టీచర్ల ట్రైనింగ్ అని చెప్పి విమానం ఎక్కింది. తిరిగి వెళ్ళగానే ఎదురుగా కూర్చుని తనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకుంది. ఈలోగా ఇంకొకళ్ళ ద్వారా తెలిసిందా, ఆ ఇంట్లో తన మాటకు ఇక విలువుండదు.

ఆ సాయంత్రం హోటల్ తోటలో వేదిక. హోటల్లో దిగినవాళ్ళెవరైనా వచ్చి చూడొచ్చు. దీపాల వెలుగు కళ్ళలో పడి జనం మసగ్గా ఉన్నారు. ముందు వరసలో ఒక్క తెలుపు మాత్రం కనిపిస్తోంది.

పాట మొదలవగానే ఆ తెలుపు లేచి నిలబడింది. చెంగు తలమీదికి తీసుకుని, అంచులు రెండు చేతులతో వెడల్పుగా చాచింది. పెదవులు కదులుతున్నాయి.

ఆ నిలబడడం లిడియాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. స్త్రీల కూడికలో ప్రార్థనకు లేచి ఆంటీలు ముసుగు వేసుకునేది అలాగే.

నా కోసం ప్రార్థిస్తోంది, అనుకుంది. కాదు, నా మీద.

నడుము తాళం తప్పింది.

పొద్దున టిఫిన్ దగ్గర మళ్ళీ ఎదురైంది.

"ఇవాళ కూడా ఆడతావా? ఎన్నింటికమ్మా నీది?"

"మీకెందుకండీ?"

"తెలిస్తే ముందే వచ్చి కూర్చుంటా."

"మీరు యాత్రకు కదా వచ్చింది?"

"ఏం యాత్రలే తల్లీ! నిన్న ఒంటె ఎక్కించాడు ఒకడు. ఎక్కించాక ఇంక దించడే! నేను ఒంటె మీద, వాడు బేరం మీద."

కోటిరత్నం కడుపారా నవ్వింది. లిడియా నవ్వలేదు. వేళ అడుగుతోంది. ఊరు అడిగింది, నాన్న పేరు అడిగింది. అన్నీ ఒక్కొక్కటే కూడబెడుతోంది.

రెండో సాయంత్రం మరీ ఘోరం. లిడియా వేదిక కుడివైపుకు వెళితే తెల్లచీరా కుడికి జరిగింది. ఎడమకు వస్తే ఎడమకు వచ్చింది. చాచిన చెంగు దించనేలేదు.

మూడో రోజు చివరి ఆట. లిడియా ముందే వెళ్ళి నిర్వాహకురాలితో చెప్పింది.

"ఆవిడ అక్కడుంటే నేను ఆడలేను."

కాపలావాడు వచ్చి కోటిరత్నం కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆమె వాణ్ణి చూసింది, లిడియాను చూసింది.

"నేనేం చేశానమ్మా?"

"ప్రార్థనలేవో మీ గదిలో చేసుకోండి ఆంటీ. ఇక్కడ పాపులెవరూ లేరు."

"ప్రార్థనా? అయ్యో, అది కాదు తల్లీ. మావాడు..."

"మీవాళ్ళ సంగతి నాకొద్దు. లేవండి."

"పోనీ, ఇవాళొక్కరోజు ఆడకు. పొద్దున్నే మేం సీనాయి కొండకి వెళ్ళిపోతాం. తర్వాత నీ ఇష్టం."

"బెదిరిస్తున్నారా?"

కోటిరత్నం చెంగు భుజం మీద సర్దుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ లేచి, కాపలావాడి వెనక నడిచింది.

అనుమానానికి ఒక ముఖం దొరికాక మనిషికి మిగతా ముఖాలు కనపడవు. ఆ చీకట్లో ఇంకా ఎవరున్నారో లిడియా చూడలేదు. ఎదుట తెలుపు లేదు, అంతే చాలు. ఒళ్ళు తేలికపడింది. ఎన్నడూ ఆడనట్టు ఆడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

చెమట తుడుచుకుంటుంటే ఫోను మోగింది.

"ఇంకా పడుకోలేదా నాన్నా?"

"పాస్టర్ల గ్రూపులో ఒక వీడియో వచ్చిందమ్మా. ఇప్పుడే నీకు పంపాను."

లిడియా కోటు అందుకుని భుజాల మీద కప్పుకుంది.

"ట్రైనింగ్ అన్నావు," అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. "నువ్వే చెప్పి ఉంటే కూర్చుని వినేవాణ్ణి."

"వచ్చాక చెబుదామనే..."

"అవున్లే. జాగ్రత్తగా రా."

ఫోను పెట్టేశాడు.

ఆ ముసలామె పని! వెళ్ళగొట్టిన కక్ష ఇలా తీర్చుకుంది! పళ్ళు కొరుకుతూ లిడియా వీడియో తెరిచింది.

ఇందాకటి ఆటే. నడుము, చేతులు, ముఖం, అన్నీ తేటగా కనిపిస్తున్నాయి.

పాట మీదుగా, ఫోనుకు బాగా దగ్గరగా, ఒక మగగొంతు పక్కవాడితో నవ్వుతూ అంటోంది: "ఎటు తిప్పినా ఫోనుకు అడ్డమొచ్చి, 'ఎవరి బిడ్డో ఏమో, తియ్యొద్దురా ఎలీషా' అని చెంగు చాపుకుని నిలబడేది మా అమ్మ, ఇవాళ ఆమెను ఆ పిల్లే బయటికి పంపించేసింది."