శుక్రవారం తలనొప్పి

"మందు పెంచుడు మాత్రం వద్దు మేడం!" లిదియా కుర్చీలోంచి సగం లేచింది. "ఇప్పటికే పిల్ల పొద్దుగాల లేపితే లేస్తలేదు. క్లాసుల కూసునే నిద్రపోతాందని టీచరమ్మ రోజూ చెప్తాంది. ఇగ ఆకలి సంగతి అడగొద్దు, ఇంత తిని మళ్ళ ఇంత పెట్టమంటది. గౌన్లన్నీ బిగుతైనయ్."

"నిద్ర, ఆకలి రెండూ ఆ సిరప్‌తోనే వస్తయమ్మా. ముందే చెప్పిన గద," అంది డాక్టరమ్మ. "కానీ నొప్పి తగ్గుతలేదంటున్నరు. తగ్గకపోతే డోసు పెంచాలె, లేకపోతే మందు మార్చాలె. నేను మాత్రం ఏం జెయ్యాలె చెప్పు?"

ఆ నొప్పి పేరు మైగ్రేన్. పెద్దవాళ్ళకే వస్తుందనుకుంటాం గానీ, రెండో తరగతి చదివే షారోన్‌కూ వచ్చింది. వచ్చిందంటే కిటికీలన్నీ మూయాలి, ఫ్యాను చప్పుడు కూడా పడదు, తిన్నదంతా కక్కేస్తుంది. ఆ పిల్ల బాధ చూడలేక ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఇప్పుడు మాత్రం తల్లి పక్కన కూర్చుని, కాళ్ళూపుకుంటూ, బల్ల మీదున్న ప్లాస్టిక్ మెదడు బొమ్మను ఊడదీస్తే డాక్టరమ్మ తిడుతుందా తిట్టదా అని ఆలోచిస్తోంది.

"మందులతోని ఏం గాదు. ప్రార్థనతోనే అయితది," అంది తలుపు దగ్గర నిలబడ్డ మార్తమ్మ.

మార్తమ్మ లిదియాకు అత్త. లిఫ్టు చెడిపోయిందని కోడలు మెట్ల దగ్గర నిట్టూరుస్తుంటే, తను గబగబా ఎక్కి ముందే వచ్చేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మొన్నమొన్నటి దాకా మోకాళ్ళు పట్టుకుని "యేసయ్యా!" అనందే మంచం దిగని మనిషి. ఈమధ్య చర్చిలో మోకరించిందంటే పాస్టరయ్య ఆమెన్ అనేదాకా లేవడం లేదు. మోకాళ్ళ నొప్పి ఎట్లా తగ్గిందంటే, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె మహిమ అని తాముండే కాశిబుగ్గ అంతా చాటింపు వేసింది.

"అత్తమ్మా, జర ఆగు. డాక్టరమ్మను మాట్లాడనియ్యి," అంది లిదియా.

"నేనేం అన్ననే? ఉన్నమాట అన్న."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "సరే గని, నొప్పి ఎప్పుడెప్పుడు వస్తాంది? యాద్జేసుకొని చెప్పు."

"బడి నుంచి ఫోనొచ్చినప్పుడల్లా నేను మిషన్ బంద్ జేసి ఉరుకుత మేడం. మొన్న ఉరికింది... పెండ్లోళ్ళకు బ్లౌజులిచ్చే రోజు, శుక్రవారం. అంతకుముందు... మా ఆయన కేసముద్రం పత్తి మార్కెట్‌కు పోయిన రోజు. అది గూడ శుక్రవారమే." లిదియా ఆగిపోయింది. "అగో! అన్నీ శుక్రవారాలే!"

మార్తమ్మ ఒప్పుకుంటుందా! "శుక్రవారమెట్లొస్తదే? శుక్రవారం ఈ పిల్ల తలకాయ కోసమే నేను ఉపవాసముంటాన! పొద్దంత ఏం ముట్ట. కోరి కోరి ఆ రోజే నొప్పొస్తే మరి నా ప్రార్థన ఏమైనట్టు?" అంది. ఆమెకు నిజంగానే మనసు చివుక్కుమంది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "షారోన్, శుక్రవారం నువ్వు ఏం తింటవ్ బిడ్డా?"

ఊగుతున్న కాళ్ళు ఆగిపోయాయి.

"పొద్దుగాల ఇడ్లీ పెడుత మేడం. బాక్సు గూడ ఖాళీగనే తెస్తది," అంది లిదియా.

"బిడ్డను చెప్పనియ్యమ్మా."

షారోన్ నాయనమ్మ దిక్కు చూసింది, అమ్మ దిక్కు చూసింది, చివరికి మెదడు బొమ్మతోనే చెప్పింది. "ఇడ్లీ కోళ్ళకేసిన. బాక్సు మా క్లాసు హర్షిణికిచ్చిన."

"నీకు ఆకలి గాలేదా?"

"మస్తయింది. ఏడుపు గూడ వచ్చింది. గని తినలే. నాయనమ్మ లెక్క ఉపవాసమున్న."

"ఓ నా దేవుడా! అందుకేనా కోళ్ళు అట్ల బలిసినయ్!" అంది లిదియా. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

"దొరికింది దొంగ," అంది డాక్టరమ్మ. "ఈ నొప్పికి ఖాళీ కడుపు అంటే మస్తు ఇష్టం. ఇప్పుడైతే మందు పెంచుడు లేదు. టైముకు తినిపియ్యండి. సిరప్ ఇంతే ఉండనియ్యండి, మీ అంతట మీరు బంద్ జెయ్యొద్దు. రాత్రి జర ముందుగాల ఇస్తే పొద్దటికి మత్తు దిగుతది. ఒక నెల చూసి మాట్లాడుకుందాం."

లిదియా గుండె మీది బండ దిగింది. బిడ్డను దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టుకుంది.

మార్తమ్మ అప్పుడు కూర్చుంది. మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా బంగారి! నీ నొప్పి పోవాలని నేనున్న గద బిడ్డా. ఒక్క నొప్పికి ఇద్దరెందుకే ఉపవాసం? చిన్నపిల్లలు కడుపు మాడ్చుకుంటే దేవునికి గూడ మంచిగనిపియ్యది. ఇగ ఉండనని మాటియ్యి."

షారోన్ పెదవి కొరుక్కుంటూ నాయనమ్మ మోకాళ్ళ దిక్కు చూసింది. చివరికి నాయనమ్మ చేతిలో చెయ్యి వేసింది.

"సరే, ఉండ. గని మళ్ళ నీ మోకాళ్ళు నొస్తే నన్ననొద్దు!"