నాలుగింటి లోపు

రైలు గంటన్నర లేటు. తాండూరు నుంచి వచ్చిన అక్షిత నాంపల్లి స్టేషన్‌లోంచి బయటపడేసరికి మూడూ ఇరవై రెండు. కనబడ్డ మొదటి ఆటోలోకి దూకినంత పని చేసింది.

“బషీర్‌బాగ్ కాకా! లేడీస్ డిగ్రీ కాలేజీ. నాలుగింటి లోపు ఉండాలె. జర జల్ది పోనియ్యి!”

డ్రైవర్ పరశురాం తాగుతున్న చాయ్ పారబోసి ఆటో కదిలించాడు. కదిలించాడంటే ఓ పాతిక గజాలు. అసెంబ్లీ వైపు దారి పోలీసులు మూసేశారు. ఇక అబిడ్స్ మీదుగా పోక తప్పదు. అబిడ్స్ సంగతి చెప్పేదేముంది! బస్సులు, బైకులు, తోపుడుబండ్లు, రోడ్డు మధ్యలో నిలబడి చీరల బేరం గురించి వాదించుకునే ఆలుమగలు. ఊళ్లో అందరికీ తీరికే, ఈ పిల్లకు తప్ప.

ఒళ్లో ఫైలు. మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, అన్నీ ఒరిజినల్సే. నిమిషానికోసారి తెరిచి చూసుకుంటోంది.

“గింత పరేషానెందుకు బిడ్డా? రేపు పోతే కాదా?” అన్నాడు పరశురాం.

“రేపంటే ఇంకేముంది కాకా! డేటా సైన్స్‌ల ఒక్కటే సీటున్నది. స్పాట్ అడ్మిషన్. నాలుగు దాటితే వెయిటింగ్ లిస్టుల నా ఎనకున్నోళ్లకు ఇచ్చేస్తరట.”

పరశురాం అద్దంలోంచి ఆమెను చూశాడు.

“వేరే కాలేజీల దొరకదా?”

“ఇదే ఆఖరి రౌండు. ఇది పోతే ఈ ఏడు చదువే లేదు. మా అమ్మెంట బండల పాలిష్ పనికి పోవుడే.”

అతని జేబులో ఫోన్ మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. ఇంకో గిరాకీ కాబోలు అనుకుంది అక్షిత.

పోస్టాఫీసు దగ్గర గ్రీన్ సిగ్నల్ పడింది. పరశురాం ఆటోను పక్కకు తీసి ఆపేశాడు. దిగి నిలబడ్డాడు. వెనక హారన్లు దద్దరిల్లుతున్నాయి. టైము మూడూ నలభై ఒకటి.

“ఏమైంది కాకా? గ్యాస్ అయిపోయిందా?”

“లేదు.”

“మరి ఆపినవేంది? పైసలెక్కువ కావాల్నా? ఇస్త, పోనియ్యి!”

“పైసలు కాదు తియ్యి.”

ఫోన్ మళ్లీ మోగింది. అది ఆగేదాకా దానివంకే చూస్తూ నిలబడ్డాడు. ఏం మనిషిరా బాబూ! ఇక లాభం లేదని అక్షిత ఒక కాలు కింద పెట్టింది.

“నేను ఉరుకుత కాకా.”

“కూసో!” అని అరిచాడు పరశురాం.

ఆ తర్వాత ఆటో ఆటోలా పోలేదు. గల్లీలో దూరింది. రాంగ్ రూట్లో పోయింది. “అంధా హై క్యా!” అని ఎవరో తిట్టారు. గన్‌ఫౌండ్రీ దగ్గర తేలింది. మూడూ యాభై ఆరుకు కాలేజీ గేటు ముందు ఆగింది.

అక్షిత చేతికందిన నోటు ఇచ్చి, చిల్లర కూడా అడక్కుండా పరుగుతీసింది.

పరశురాం మొహం తుడుచుకుని వెనక్కి తిరిగాడు. సీటు మీద ఫైలు.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఆటో తిప్పుకుని వెళ్లిపోతే అడిగేవాడు లేడు. నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చుంటే చాలు, అంతే. ఫోన్ మళ్లీ మోగింది.

దాన్ని ఎత్తకుండా, ఫైలు ఎత్తుకుని లోపలికి ఉరికాడు. వాచ్‌మన్ అరుస్తున్నా వినలేదు.

ఆఫీసులో అక్షిత ఖాళీ చేతులతో ఏడుస్తోంది. “ఒరిజినల్స్ లేకుంటే నేనేం జేయాలమ్మా? ఇంకొక్క నిమిషమే ఉన్నది” అంటున్నాడు క్లర్క్ సురేందర్.

పరశురాం రొప్పుతూ ఫైలు బల్ల మీద పెట్టాడు. “ఆటోల మర్శిపోయింది సార్.”

సురేందర్ గడియారం చూశాడు. కాగితాలు చూశాడు. రిజిస్టర్‌లో అక్షిత పేరు రాసి స్టాంపు కొట్టాడు.

గోడవార బెంచీ మీద, వెయిటింగ్ లిస్టులో అక్షిత తర్వాతి పేరుగా పొద్దుట్నుంచీ కాచుకుని కూర్చున్న చంద్రిక ఫోన్ చేత్తో పట్టుకుని లేచి పరశురాం దగ్గరికొచ్చి, “ఎన్నిసార్లు చేసినా ఎత్తవేంది బాపూ?” అంది.