పుక్కిలింత పరీక్ష

"మా కుళాయి నీళ్లలో ఇనుమా? ఇనుము మీ మాటల్లో ఉంది అత్తయ్యగారూ!"

నీటి సరఫరా ఇంజనీరు ప్రయోగశాల బల్ల మీద దబ్బున చరిచాడు. వరసగా పేర్చిన గాజు గొట్టాలు గలగలమన్నాయి. పేట మొత్తానికీ పైపులు వేయించింది తను. ఫిర్యాదు పెట్టింది పిల్లనిచ్చిన అత్తగారు. ఇక్కడ ఓడిపోతే ఉద్యోగం మాట ఎలా ఉన్నా, ఇంట్లో జన్మలో తలెత్తుకోలేడు.

"నా తెల్ల చీరలన్నీ తుప్పు రంగుకు తిరిగాయి అల్లుడుగారూ" అంది అత్తగారు. కుళాయి నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకుని, వాన నీళ్లు సీసాలో పట్టి వెంట తెచ్చుకుందావిడ.

"గొడవెందుకు సార్, ఇప్పుడే తేల్చేస్తాను" అంది కెమిస్టు. "నిమ్మరసం, పంచదార కాచి కార్బన్ చుక్కలు తయారుచేశాను. కంటికి ఆనవు. ఈ ఊదా దీపం కింద మాత్రం నీలంగా వెలుగుతాయి. వీటిలో నీళ్లు కలిపితే..."

"నాకు చెప్తావా? నువ్వు పుట్టకముందు నుంచి నీళ్లలోనే మునిగి తేలుతున్నాను!"

అరిచి అరిచి గొంతు ఎండిపోయింది. ఎదురుగా గ్లాసులో లేతపసుపు రంగుది ఏదో కనిపిస్తే ఎత్తి గటగటా తాగేశాడు.

"సార్! ఆ చుక్కలు ఉన్నది అందులోనే!"

"ఆఁ! ప్రాణానికేం కాదు కదా?"

"ప్రాణానికేం కాదు గానీ..." అంటూ ఆమె దీపం వెలిగించి, అద్దం పట్టింది.

ఇంజనీరు నోరు తెరిచాడు. నాలుక, పళ్లు, చిగుళ్లు అన్నీ నీలంగా ధగధగలాడుతున్నాయి.

అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. "పోన్లెండి, కరెంటు పోయినప్పుడు మా అమ్మాయికి పనికొస్తారు."

"ముందు ఆ సీసా ఇలా ఇవ్వండి!"

వాన నీళ్లతో మూడుసార్లు పుక్కిలించి ఉమ్మాడు. అద్దంలో చూసుకుంటే వెలుగు చెక్కు చెదరలేదు. గత్యంతరం లేక గోడ దగ్గర, తను వేయించిన పైపు కుళాయే తిప్పి, నోటినిండా నీళ్లు పట్టి, గుడగుడలాడించి ఉమ్మాడు. భయం భయంగా దీపం కింద నోరు తెరిచాడు.

చీకటి! పళ్ల సందుల్లో కూడా మిణుకు లేదు.

పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశారా అత్తయ్యగారూ! మీ వాన నీళ్లు మూడుసార్లు కడిగినా పోనిది, మన కుళాయి నీళ్లకు ఒక్క పుక్కిలింతతో పోయింది!"

అత్తగారి ముఖం మాడిపోయింది.

"సార్, ఒక్క మాట..." అంది కెమిస్టు.

"మాటలు తర్వాత. ఆ కాగితం ఇలా తే!"

నివేదిక లాక్కుని, 'అత్తగారి సమక్షంలో స్వయంగా నా నోటితోనే పరీక్షించాను. ఈ ఫలితమే అంతిమం' అని రాసి, చేంతాడంత సంతకం పెట్టి, పైన ముద్ర కూడా గుద్దాడు.

"ఆఁ, ఇప్పుడు చెప్పు."

కెమిస్టు కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టి, గొంతు సవరించుకుంది.

"మంచి నీళ్లు తగిలితే ఆ చుక్కలు వెలుగుతూనే ఉంటాయి సార్. ఇనుము తగిలితేనే ఆరిపోతాయి."