చౌటుప్పల్ దగ్గర ఆపిన కారు

"గీ బంద్ పిలిచినోని ఇంట్ల ముసలోళ్లు లేరా?"

ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి అంతయ్య గొంతు చించుకుంటున్నాడు. చేతిలోని బంద్ కరపత్రంతోనే భార్య అండాలమ్మకు విసురుతున్నాడు.

తెలంగాణ కోసం ఎల్బీనగర్ నుంచి మలక్‌పేట దాకా విద్యార్థులు పిలుపునిచ్చిన రెండు రోజుల బంద్. ఇది రెండో రోజు. బస్సు లేదు. ఆటో లేదు.

అండాలమ్మకు నిన్న జరగాల్సిన డయాలసిస్ జరగలేదు. ఒక్కరోజు తప్పినా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టర్ ఎప్పుడో హెచ్చరించాడు. ఇప్పుడామె మూసిన షట్టర్‌కు ఆనుకుని నోటితో గాలి పీలుస్తోంది.

ఒక బైకు వచ్చి ఆగింది.

మోకాళ్ల దగ్గర చినిగిన జీన్సు. చెవుల్లో తీగలు. కుర్రాడికి ఇరవై మూడేళ్లు ఉంటాయేమో.

"మలక్‌పేట దవాఖానకేనా తాతా? ఎక్కుండ్రి."

వేరే దిక్కు లేదు. అండాలమ్మను మధ్యలో కూర్చోబెట్టి అంతయ్య వెనక ఎక్కాడు.

బండి కదిలింది. దాంతోపాటే అంతయ్య నోరూ కదిలింది.

"అరవై తొమ్మిదిల మాది అసలు ఉద్యమం. మీది ఫోటోల ఉద్యమం. జెండ పట్టుకుంటరు, ఫోటో దిగుతరు, బిర్యాని తిని ఇంటికి పోతరు."

కుర్రాడు నవ్వాడు. "బిర్యాని యాడ పెడుతున్నరో చెప్పు తాతా, మావోళ్లు ఉప్మా తినలేక సస్తున్నరు."

చైతన్యపురిలో రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. యాభై మంది కుర్రాళ్లు కర్రలు పట్టుకుని నిలబడ్డారు.

కుర్రాడు చెవి తీగలో ఏదో గొణిగాడు.

"బండి నడుపుకుంట ఫోన్ల పోరితోని ముచ్చట్లేందిరా?" అంతయ్య కసిరాడు.

బైకు దగ్గరికి వచ్చేసరికి నలుగురు పరుగెత్తుకొచ్చి టైర్లు పక్కకు లాగారు. ఎక్కడికని కూడా ఎవరూ అడగలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు నడుస్తోంది. అక్కడా అంతే. ఉడుకుతున్న అన్నం గిన్నెను ఇద్దరు ఎత్తి పక్కన పెట్టి దారిచ్చారు.

ఎవరో పెద్ద లీడరు కొడుకై ఉంటాడు అనుకున్నాడు అంతయ్య. ఒళ్లు మండింది.

"గిదేం బందురా? మేం చౌటుప్పల్ కాడ రోడ్డు మీద కూసుంటే ఈగను గూడ పోనియ్యలే. ఒక కారుల నొప్పులొస్తున్న ఆడామె ఉన్నదని, ఆమె మొగడు మా కాళ్లు మొక్కిండు. అయినా ఎన్కకే తోలిచ్చినం!"

బండి కొంచెం నెమ్మదించింది.

"ఆమెకేమైంది తాతా?"

అంతయ్య భార్య నడుం చుట్టూ చెయ్యి బిగించాడు.

నలభై రెండేళ్లుగా ఆ కారు కథ చెబుతున్నాడు. పెళ్లి విందుల్లో చెప్పాడు, టీ హోటళ్లలో చెప్పాడు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

తనను తను కూడా ఎప్పుడూ అడగలేదు.

అండాలమ్మ తల అతని ఛాతీ మీదికి వాలింది. ఆమె ఊపిరి గురగురమంటోంది.

"జర జల్ది పో, బిడ్డా," అన్నాడు అంతయ్య.

మలక్‌పేటలో దవాఖాన మలుపు దగ్గర కుర్రాడు టక్కున బ్రేకు వేశాడు.

గేటు ముందు పోలీసు వ్యాన్ ఉంది.

"ఇందాక లేకుండె," అని తనలో తనే అనుకుని, వెనక్కి తిరిగాడు. "అవ్వా, గీడికెల్లి నడుస్తవా?"

అండాలమ్మ వాచిన పాదం కింద పెట్టబోయి తూలిపోయింది.

అంతయ్య ఆమె భుజాలు పట్టుకుని ఆపాడు. "నడిస్తే సస్తదిరా! పోలీసోళ్లను జూస్తే గంత భయమా? మేం అంగీలు ఇప్పి తుపాకులకు ఎదురు నిలబడ్డం. మీరేం పోరగాండ్లురా!"

కుర్రాడు ఒక్క క్షణం వ్యాన్‌ను చూశాడు. తర్వాత అండాలమ్మ ముఖం చూశాడు.

"గట్టిగ పట్టుకో, అవ్వా."

సరాసరి గేటులోకి పోనిచ్చాడు.

వార్డుబాయి అండాలమ్మను చక్రాల కుర్చీలో లిఫ్టు ఎక్కించాడు. మొదటి అంతస్తులో నర్సు విజయదుర్గ ఎదురొచ్చింది. "రండి అండాలమ్మగారూ, మీ మిషను సిద్ధంగా ఉంచానండి."

అంతయ్య తెల్లబోయాడు. "మేమొస్తున్నట్టు నీకెట్ల ఎరుక?"

"మిమ్మల్ని తీసుకొచ్చిన మహేందర్ దారిలోంచి ఫోన్ చేశాడు కదండీ. బంద్ వల్ల ఎవరెవరికి డయాలసిస్ తప్పిందో నిన్న సాయంత్రం వచ్చి పేర్లన్నీ రాసుకెళ్లాడు. మీ ఇంటికి వెళ్తే తాళం వేసుందట, చౌరస్తా అంతా వెతికాడట. పొద్దున్నుంచి అతను తీసుకొచ్చినవాళ్లలో మీరు తొమ్మిదోవారండి."

కింద అలజడి వినిపించింది. అంతయ్య కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

ఇద్దరు కానిస్టేబుళ్లు ఆ కుర్రాణ్ణి రెక్కలు పట్టుకున్నారు. అతను పెనుగులాడటం లేదు. బైకు తాళం, మడతపెట్టిన కాగితం అక్కడికి పరుగెత్తుకొచ్చిన స్నేహితుడి చేతిలో పెడుతున్నాడు.

"నాగోల్‌ల సూర్యప్రభమ్మ, పదకొండు గంటలకు. గుంతలు జూసి తోలు, ఆమెకు నడుం నొప్పి."

వ్యాన్ తలుపు పడింది.

అంతయ్య మెట్ల వైపు రెండడుగులు వేశాడు. అప్పటికే వ్యాన్ గేటు దాటింది.

"ఏం జేసిండని పట్టుకపోయిన్రు?"

"తెల్లవారినప్పట్నుంచీ ఆ అబ్బాయి కోసమే వెతుకుతున్నారండి." విజయదుర్గ కళ్లొత్తుకుంది. "మీ చేతిలోనే ఉంది కదా, చదవలేదా?"

అంతయ్య ఆ నలిగిన కరపత్రాన్ని మెల్లగా విప్పాడు.

పొద్దున్నుంచి విసనకర్రలా వాడిన ఆ కాగితం అడుగున, తను తిట్టడమే తప్ప ఒక్కసారీ చదవని ఆఖరి వరుసలో ఉంది: "బంద్‌కు పిలుపునిచ్చినవారు, మహేందర్, కన్వీనర్, విద్యార్థి పోరాట కమిటీ, దిల్‌సుఖ్‌నగర్."